అందరూ మంచిగానే ఉంటారు, ఆటకు మాత్రం పిలవరు

ప్రశ్న: నేను ఏడో తరగతికి క్లాస్ టీచర్‌ని. ఈ ఏడాది మా తరగతిలో సెరిబ్రల్ పాల్సీ ఉన్న ఒక బాబు చేరాడు. వీల్‌చైర్‌లో వస్తాడు. మాట స్పష్టంగా రాదు, ఒక వాక్యం చెప్పడానికి చాలాసేపు పడుతుంది. చదువులో మాత్రం బాగానే ఉన్నాడు. పిల్లలెవరూ వాణ్ణి ఏడిపించరు. కుర్చీ తోస్తారు, పుస్తకాలు తీసి ఇస్తారు, వాడు ఏం చెప్పినా చప్పట్లు కొడతారు. కానీ ఆటల పీరియడ్‌లోనూ భోజనాల దగ్గరా వాడి పక్కన ఉండేది ఆయా ఒక్కతే. మొన్న వాళ్ళమ్మ "మా వాడికి ఒక్క ఫ్రెండైనా ఉన్నాడా టీచర్?" అని అడిగితే ఏం చెప్పాలో తోచలేదు. డిసెంబరు 3న వికలాంగుల దినోత్సవం వస్తోంది. ఆ రోజు పిల్లల కళ్ళకు గంతలు కట్టి నడిపించి, కాసేపు వీల్‌చైర్‌లో కూర్చోబెట్టి, ఆ కష్టమేమిటో తెలిసేలా చేద్దామనుకుంటున్నాను. మరోపక్క ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులు ఈ బాబు వల్ల పాఠాలు వెనకబడతాయని అంటున్నారు. ప్రత్యేక పాఠశాల అయితే వాడికే సుఖం కదా అని తోటి టీచర్లు అంటున్నారు. పిల్లల మనసు మార్చడం ఎలా?

జవాబు: టీచర్ గారూ, మీ ఉత్తరం చదువుతూ నేను ఆ చప్పట్ల దగ్గర ఆగిపోయాను. తరగతిలో ఇంకో పిల్లవాడు జవాబు చెబితే ఎవరూ చప్పట్లు కొట్టరు. తప్పు చెబితే "కాదురా" అంటారు, ఒప్పు చెబితే తర్వాతి ప్రశ్నకు వెళ్ళిపోతారు. ఈ బాబుకు మాత్రం తప్పు చెప్పినా ఒప్పు చెప్పినా చప్పట్లే. అంటే అతను చెప్పిన విషయం ఎవరి చెవికీ ఎక్కడం లేదు, నోరు విప్పడమే పెద్ద విశేషమైపోయింది. ఏడో తరగతి పిల్లవాడికి ఆ తేడా తెలియకుండా ఉండదు.

ఆస్ట్రేలియాలో స్టెల్లా యంగ్ అనే జర్నలిస్టు ఉండేవారు. పుట్టుకతోనే ఎముకలు పెళుసుగా ఉండే జబ్బు, వీల్‌చైర్ వాడేవారు. ఆమెకు పదిహేనేళ్ళప్పుడు ఊళ్ళో ఒకరు వచ్చి, గొప్ప పనులు చేసినవాళ్ళకు ఇచ్చే అవార్డు కోసం ఆమె పేరు పంపుతామని తల్లిదండ్రులతో అన్నారట. సంతోషమే గానీ మా అమ్మాయి అంత గొప్పగా ఏమీ సాధించలేదు కదా అని వాళ్ళు అన్నారట. బడికి వెళ్ళి, మంచి మార్కులు తెచ్చుకుని, ఖాళీ దొరికితే టీవీ చూసే మామూలు అమ్మాయి ఆమె. 2014లో సిడ్నీలో ఇచ్చిన ప్రసంగంలో ఈ సంగతి చెబుతూ, తమలాంటి వాళ్ళు ఉదయాన్నే లేచి సొంత పేరు గుర్తుపెట్టుకున్నా మెచ్చుకునేంత తక్కువ అంచనాలతో లోకం తమను చూస్తుందని ఆమె బాధపడ్డారు. మీ తరగతి చప్పట్ల వెనక ఉన్నదీ ఆ తక్కువ అంచనానే. పిల్లలకు అది తెలియదు, వాళ్ళు ప్రేమగానే కొడుతున్నారు.

అందుకే "మనసు మార్చడం ఎలా" అన్న ప్రశ్నను నేను కాస్త పక్కకు జరుపుతాను. మీ పిల్లల మనసులో చెడు లేదు. బాబుతో కలవడానికి ప్రస్తుతం వాళ్ళకు కనబడుతున్న దారి సాయం చేయడం ఒక్కటే. ఇచ్చేది ఎప్పుడూ వీళ్ళు, పుచ్చుకునేది ఎప్పుడూ అతను. అలాంటి చోట జాలి ఎంతైనా పెరుగుతుంది గానీ స్నేహం మొలకెత్తదు. ఎన్ని మంచి మాటలు చెప్పినా, ఎన్ని పోస్టర్లు అంటించినా ఈ పరిస్థితి మారదు. అతని అవసరం మిగతావాళ్ళకు పడేలా మీ తరగతిలో పనులు పంచితే మారుతుంది. ముందు ఏర్పాటు మారాలి, అప్పుడు ఆలోచన దాని వెనకే వస్తుంది. ఇక నేను చెప్పబోయేదంతా దీని గురించే.

తేదీ దగ్గర పడుతుంది కాబట్టి డిసెంబరు 3 సంగతి ముందు చెబుతాను. దయచేసి కళ్ళకు గంతలు కట్టించకండి. పది నిమిషాలు గంతలు కట్టుకున్న పిల్లవాడికి తెలిసేది అప్పుడే చూపు పోయినవాడి భయం. చూపు లేకుండా ఏళ్ళ తరబడి బతికి, చేతికర్రతోనో చప్పుళ్ళను బట్టో దారి పట్టుకోవడం నేర్చుకున్న మనిషి జీవితం ఆ పది నిమిషాల్లో కనబడదు. మిషెల్ నారియో-రెడ్‌మండ్ అనే అమెరికా పరిశోధకురాలి బృందం ఇలాంటి అభ్యాసాలను పరీక్షించి 2017లో ఫలితాలు ప్రచురించింది. పాల్గొన్నవాళ్ళలో సానుభూతి కొంత పెరిగింది. దాంతోపాటు అయోమయం, నిస్సహాయత, తమకూ ఇలా జరుగుతుందేమోనన్న భయం పెరిగాయి. వైకల్యం ఉన్నవాళ్ళతో కలిసి మెలగడం పట్ల వాళ్ళ వైఖరి మాత్రం మెరుగుపడలేదు. మీ తరగతిలో జాలికి ఇప్పటికే కొరత లేదు, ఇంకాస్త పోసి లాభం లేదు. పైగా ఆ కార్యక్రమం జరుగుతున్నంతసేపూ బాబు అక్కడే ఉండి చూస్తుంటాడు. తన కుర్చీలాంటి దానిలో కూర్చున్న పిల్లలు "అమ్మో, ఎంత కష్టం" అని లేచి వెళ్ళిపోతుంటే అతనికి ఎలా ఉంటుందో ఆలోచించండి.

దాని బదులు ఆ రోజు పిల్లల చేతికి టేపులు ఇచ్చి బడిని కొలిపించండి. తలుపు సందులు ఎంత వెడల్పు ఉన్నాయి? వీల్‌చైర్ వెళ్ళడానికి సుమారు 80 సెంటీమీటర్లకు తక్కువ కాకూడదన్నది చాలాచోట్ల పాటించే కొలత. మంచినీళ్ళ కుళాయి కూర్చున్న మనిషి చేతికి అందుతుందా? నోటీసు బోర్డు కళ్ళకు అందే ఎత్తులో ఉందా? లైబ్రరీకి, ల్యాబ్‌కి, మరుగుదొడ్డికి వెళ్ళే దారిలో మెట్లెన్ని? ర్యాంపుకు ఎక్కువగా వాడే లెక్క 1:12, అంటే ఒక అడుగు ఎత్తు ఎక్కడానికి పన్నెండు అడుగుల వాలు కావాలి. ఏడో తరగతి పిల్లలకు నిష్పత్తులు ఎలాగూ పాఠంలో ఉంటాయి. మీ బడిలో ర్యాంపు ఉంటే అది ఎంత నిటారుగా ఉందో వాళ్ళే లెక్క కట్టి, హెడ్‌మాస్టర్‌కు ఒక నివేదిక రాయనివ్వండి. ఇందులో తెలిసినవాడు ఎవరు? బాబే. ఏ మలుపులో కుర్చీ ఇరుక్కుంటుందో, ఏ గడప దగ్గర ముందు చక్రం ఆగిపోతుందో ఇంకెవరికీ తెలియదు. వాళ్ళు అతన్ని అడగాల్సి వస్తుంది. అతను ఇష్టపడితే ఆ పనికి లీడర్‌గా పెట్టండి. అయితే ముందే ఒంటరిగా అడిగి ఒప్పుకున్నాకే చేయండి. అందరి ముందు అడిగితే వద్దని చెప్పలేడు.

ఇలా కొలిపించడం వల్ల ఇంకో మేలు ఉంది. ఇబ్బంది బాబు కాళ్ళలోనే ఉందని అనుకుంటున్న పిల్లలు, మెట్లలోనూ ఉందని కళ్ళారా చూస్తారు. వికలాంగుల ఉద్యమాలు 1970ల నుంచి ప్రపంచానికి చెబుతూ వచ్చింది ఇదే. తర్వాత ఆ ఉద్యమంలో పెద్ద నాయకురాలైన అమెరికా మహిళ జూడిత్ హ్యూమన్‌ను చిన్నప్పుడు న్యూయార్క్‌లో బడిలో చేర్చుకోలేదు. పోలియో వల్ల ఆమె వీల్‌చైర్ వాడేవారు. మంటలు చెలరేగితే ఆ కుర్చీ వల్ల ప్రమాదమని బడి పెద్ద కారణం చెప్పారు. పెద్దయ్యాక టీచర్ లైసెన్స్ ఇవ్వడానికీ అధికారులు నిరాకరిస్తే, 1970లో కోర్టుకు వెళ్ళి సాధించుకుని పాఠాలు చెప్పారు. ఈ కథ మీ పిల్లలకు చెప్పండి. ఆమె ధైర్యం దగ్గరే ఆగకుండా, ఆ బడి వాళ్ళు ఏం చేసి ఉండాల్సిందో పిల్లల్నే అడగండి.

ఇక రోజువారీ తరగతి సంగతి. ఒక వర్గం మీద ఇంకో వర్గానికి ఉన్న దురభిప్రాయాలు పోవాలంటే పక్కపక్కన కూర్చోబెడితే చాలదని 1954లోనే గోర్డన్ ఆల్‌పోర్ట్ అనే అమెరికా మనస్తత్వవేత్త చెప్పాడు. ఇద్దరికీ సమానమైన స్థానం ఉండాలి, చేరాల్సిన చోటు ఒకటే కావాలి, అక్కడికి చేరడానికి ఒకరికొకరు కావాలి, పెద్దల అండ ఉండాలి. మీ తరగతిలో పక్కపక్కన కూర్చోవడం ఒక్కటే జరిగింది. మిగతాది జరగడానికి ఒక మంచి పద్ధతి ఉంది, జిగ్సా అంటారు. 1971లో అమెరికాలోని ఆస్టిన్ నగరంలో వేర్వేరు జాతుల పిల్లలను ఒకే బడుల్లోకి తెచ్చినప్పుడు తరగతుల్లో పెద్ద గొడవలయ్యాయి. అప్పుడు ఎలియట్ ఆరన్సన్ అనే మనస్తత్వవేత్త, ఆయన విద్యార్థులు దీన్ని తయారు చేశారు.

పాఠాన్ని అయిదారు ముక్కలు చేస్తారు. అయిదారుగురు పిల్లలున్న గుంపులో ఒక్కొక్కరికీ ఒక్కో ముక్క ఇస్తారు. అన్ని గుంపుల్లోనూ ఒకే ముక్క వచ్చినవాళ్ళు ముందుగా ఒకచోట చేరి దాన్ని బాగా నేర్చుకుంటారు. తర్వాత సొంత గుంపులోకి వచ్చి మిగతావాళ్ళకు చెబుతారు. చివర్లో పరీక్ష మొత్తం పాఠం మీద ఉంటుంది, ఎవరిది వాళ్ళే రాయాలి. కాబట్టి రక్త ప్రసరణ పాఠంలో సిరలు, ధమనుల ముక్క బాబు దగ్గర ఉంటే, అతను చెప్పింది వినకుండా ఎవరూ ఆ ప్రశ్నకు జవాబు రాయలేరు. ఆరన్సన్ చెప్పే ఒక సంఘటన మీకు బాగా పనికొస్తుంది. ఇంగ్లీషు సరిగ్గా రాని ఒక పిల్లవాడు తన ముక్క చెప్పలేక తడబడితే గుంపులోని పిల్లలు ముందు వెక్కిరించారట. ఇంకాసేపట్లో దీని మీదే పరీక్ష ఉందని గుర్తు చేసేసరికి, వెక్కిరింపు మానేసి అతని నుంచి విషయం రాబట్టేలా ప్రశ్నలు అడగడం నేర్చుకున్నారు. కొన్ని వారాలకు అతను తాము అనుకున్నదానికంటే తెలివైనవాడని వాళ్ళకు అర్థమైంది. ఎవరూ వాళ్ళకు నీతి చెప్పలేదు.

మీ బాబుకు తన ముక్కను ముందు రోజే ఇవ్వండి. ఇంట్లో టైప్ చేసుకుని రావచ్చు, టైప్ చేసినదాన్ని పైకి చదివే ఫోన్ యాప్ వాడవచ్చు, బొమ్మ గీసి భాగాలను వేలితో చూపించవచ్చు, లేదా నెమ్మదిగా తన గొంతుతోనే చెప్పవచ్చు. ఏ దారి కావాలో అతన్నే తేల్చుకోనివ్వండి. అతని ముక్క మాత్రం మిగతావాటికంటే చిన్నదో తేలికైనదో కాకూడదు. టైమ్ చూడటం, పేర్లు రాసుకోవడం లాంటి పక్కపనులు అతనికి ఇచ్చి గ్రూపులో కలిపామనుకోవడం చాలా బడుల్లో జరుగుతుంది. పిల్లలు దాన్ని వెంటనే పసిగడతారు.

గుంపులు వేసేటప్పుడు ఇంకో మాట. ఇలాంటి పిల్లవాడి పక్కన మనం అలవాటుగా తరగతిలో అందరికంటే నెమ్మదైన, బుద్ధిమంతురాలైన అమ్మాయిని కూర్చోబెడతాం. ఆమె ఇంకో ఆయా అయిపోతుంది. అల్లరి పిల్లల్నీ వేయండి. బాబుకు ఏవి ఇష్టమో, క్రికెట్టా, బొమ్మలు గీయడమా, ఫోన్లో ఆటలా, వాకబు చేసి అదే పిచ్చి ఉన్నవాళ్ళతో కలపండి. స్నేహాలు మంచితనం వల్ల తక్కువ, ఒకే పిచ్చి వల్ల ఎక్కువ పుడతాయి.

అతని మాట గురించి తరగతికి నేర్పాల్సినవి కొన్ని ఉన్నాయి. సెరిబ్రల్ పాల్సీలో మెదడు నుంచి కండరాలకు వెళ్ళే అదుపు దెబ్బతింటుంది, పెదవులు, నాలుక కూడా కండరాలే. ఏం చెప్పాలో అతనికి వెంటనే తెలుస్తుంది, బయటికి రావడానికే సమయం పడుతుంది. అర్థం కాకపోతే అర్థమైనట్టు తల ఊపకూడదు. అది మర్యాదగా కనబడే అవమానం. "ఇంతవరకు అర్థమైంది, ఆ తర్వాతది మళ్ళీ చెప్పు" అనాలి. అతను ఒప్పుకుంటే తప్ప అతని వాక్యాన్ని వాళ్ళు పూర్తి చేయకూడదు. అవును, కాదు అని చెప్పగలిగే ప్రశ్నలు కొన్నిసార్లు ఇద్దరికీ సులువు. ఇవన్నీ ముందు మీరు చేసి చూపించాలి. మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970లలో తరగతులను గమనిస్తే, ప్రశ్న అడిగిన తర్వాత టీచర్లు సగటున ఒక సెకనుకు మించి ఆగడం లేదని తేలింది. మూడు సెకన్లు ఆగితే చాలు, పిల్లల జవాబులు పొడవుగా, మెరుగ్గా వచ్చాయి, ఎప్పుడూ మాట్లాడనివాళ్ళు కూడా మాట్లాడారు. అవి మామూలు తరగతులే. బాబు కోసం మీరు ఆగడం అలవాటు చేసుకుంటే వెనక బెంచీలో మౌనంగా కూర్చునే మరో పదిమందికి మేలు జరుగుతుంది. పాఠాలు వెనకబడతాయన్న తల్లిదండ్రుల భయానికి కూడా ఇందులో కొంత జవాబు ఉంది.

ఆయా గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. ఆమె పని ఆమె శ్రద్ధగా చేస్తోంది, తప్పు ఆమెది కాదు. కానీ పెద్దమనిషి ఎప్పుడూ పక్కన అంటిపెట్టుకుని ఉంటే ఆ పిల్లవాడి దగ్గరికి ఇంకో పిల్లవాడు రాడు. మైకేల్ జాంగ్రెకో అనే అమెరికా పరిశోధకుడి బృందం 1997లో దీన్ని వివరంగా రాసింది. సహాయకులు అతి దగ్గరగా ఉన్న చోట పిల్లవాడు తోటివాళ్ళకు దూరమవుతాడు, ప్రతిదానికీ పెద్దవాళ్ళ మీద ఆధారపడతాడు, టీచర్ కూడా ఇతను నా విద్యార్థి అన్న సంగతి మెల్లగా మర్చిపోతుంది. మీరు అతనితో చెప్పాల్సిన మాటలు ఆయాతో చెబుతున్నారేమో ఒక వారం గమనించుకోండి. మరుగుదొడ్డికి, కుర్చీలోంచి దించడానికి, ఇంకెక్కడైనా నిజంగా కావాల్సిన చోట ఆమె ఉండాలి. మిగతా సమయంలో తరగతి వెనక కూర్చుని, అందరు పిల్లలకూ పనికొచ్చేలా ఉండనివ్వండి. భోజనాల దగ్గర బాబు కుర్చీ వరస చివర కాకుండా మధ్యలో ఉండాలి. చేతికి చెంచా అందించడం లాంటి చిన్న సాయాలు అవసరమైతే ఇద్దరు ముగ్గురు పిల్లలకు నేర్పండి, వారం వారం మార్చండి. ఎరిక్ కార్టర్ అనే అమెరికా పరిశోధకుడి బృందం 2016లో ప్రచురించిన అధ్యయనంలో, పెద్దవాళ్ళు ఎప్పుడూ పక్కన ఉండే పద్ధతి కంటే తోటి విద్యార్థులకు కొంత శిక్షణ ఇచ్చి కలిపిన పద్ధతిలో వైకల్యం ఉన్న పిల్లలకు మాటలూ కలిశాయి, కొత్త స్నేహాలూ దొరికాయి. ఇక వీల్‌చైర్ అతని ఒంట్లో భాగం లాంటిదని అందరికీ చెప్పండి. అడక్కుండా ఎవరూ తోయకూడదు, దాని మీద బ్యాగులు తగిలించకూడదు.

ఆటల పీరియడ్‌లో బాబును ఓ పక్కన కూర్చోబెట్టి స్కోరు రాయించడంతో సరిపెట్టకండి. బోచా అని ఒక ఆట ఉంది, మొదట్లో సెరిబ్రల్ పాల్సీ ఉన్నవాళ్ళ కోసమే మలిచింది, 1984 నుంచి పారాలింపిక్స్‌లో ఉంది. ముందు ఒక తెల్ల బంతి విసురుతారు. ఒక జట్టుకు ఎర్ర బంతులు, ఇంకో జట్టుకు నీలం బంతులు. తెల్ల బంతికి దగ్గరగా ఎవరి బంతులు ఆగితే వాళ్ళకు పాయింట్లు. చేత్తో విసరలేనివాళ్ళు వాలుగా పెట్టిన గొట్టంలోంచి దొర్లించవచ్చు. అందరూ కుర్చీల్లో కూర్చునే ఆడతారు. ఇక్కడ కాళ్ళ బలంతో పని లేదు, గురి, ఎత్తుగడ కావాలి. గుడ్డతో బంతులు కుట్టి మొదలుపెట్టవచ్చు. పరుగెత్తడంలో ముందుండే పిల్లలు ఈ ఆటలో ఓడిపోవచ్చు కూడా, అదీ వాళ్ళకు తెలియాలి.

అలసట, నొప్పి సంగతి మాత్రం మర్చిపోవద్దు. సెరిబ్రల్ పాల్సీ ఉన్నవాళ్ళలో నలుగురిలో ముగ్గురికి నొప్పులుంటాయని వైద్య పరిశోధనలు చెబుతున్నాయి. మధ్యాహ్నానికి అతను చిరాగ్గా, మౌనంగా మారితే అది స్వభావం కాకపోవచ్చు. ఎక్కడ నొప్పి వస్తుంది, ఎంతసేపటికోసారి కూర్చునే తీరు మార్చాలి అని తల్లినీ అతన్నీ అడిగి తెలుసుకోండి.

తల్లిదండ్రుల అనుమానానికి కోప్పడకుండా జవాబు చెప్పండి. తమ పిల్లల చదువు గురించి ఆందోళన పడటం తప్పు కాదు. 2017లో పోలండ్ పరిశోధకులు 47 అధ్యయనాలను కలిపి చూశారు, వాటిలో దాదాపు 48 లక్షల మంది విద్యార్థుల వివరాలున్నాయి. ప్రత్యేక అవసరాలున్న పిల్లలతో కలిసి చదివినందువల్ల మిగతా పిల్లల చదువు దెబ్బతినలేదు, కొద్దిపాటి మేలే కనిపించింది. కొద్దిపాటి అన్న మాటను పెంచి చెప్పకండి, ఉన్నదున్నట్టు చెబితేనే నమ్ముతారు. ఆ తల్లిదండ్రుల్లో ఒకరిద్దరిని పిలిచి జిగ్సా పీరియడ్ ఒకటి చూపించండి. మీరు ఎంత వివరించినా రాని నమ్మకం, తమ పిల్లవాడు బాబు దగ్గర పాఠం చెప్పించుకోవడం చూస్తే వస్తుంది.

ప్రత్యేక పాఠశాలే మేలన్న తోటి టీచర్లకు చెప్పాల్సింది వేరు. 1994లో స్పెయిన్‌లోని సలమాంకాలో 92 ప్రభుత్వాల ప్రతినిధులు కలిసి, పిల్లలందరికీ మామూలు బడులే తలుపులు తెరవాలని తీర్మానించారు. 2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒప్పందంలోని 24వ అధికరణం వైకల్యం ఉన్న పిల్లలకు అందరితో కలిసి చదువుకోవడాన్ని హక్కుగా గుర్తించింది. కాబట్టి బాబు మీ తరగతిలో ఉండటం ఎవరి దయా కాదు. అదే సమయంలో వాళ్ళ మాటలో కొంత నిజముంది, దాన్ని కాదనకండి. ఏ సాయమూ లేకుండా మామూలు తరగతిలో ఓ మూల కూర్చోబెట్టడం వల్ల పిల్లవాడికి ఒరిగేదేమీ లేదు. ఆ ఒప్పందం అమలును చూసే ఐక్యరాజ్యసమితి కమిటీ 2016లో ఈ సంగతే స్పష్టం చేసింది. బడి తన పద్ధతులు మార్చుకోకుండా పిల్లవాణ్ణి తెచ్చి లోపల పెట్టడం కలుపుకోవడం కిందికి రాదని అంది. వినికిడి లేని పిల్లల విషయం వచ్చేసరికి ఇంకా జాగ్రత్త కావాలి, సంజ్ఞా భాష మాట్లాడే తోటివాళ్ళూ టీచర్లూ లేకపోతే మామూలు తరగతి వాళ్ళకు ఒంటరి గదే. మీ బాబు పరిస్థితి అది కాదు. అతను చదువులో బాగానే ఉన్నాడని మీరే రాశారు. "వాడికే సుఖం" అనే ముందు ఎవరైనా వాణ్ణి అడిగారా?

మీరు అతన్ని ఎలా చూస్తున్నారన్నది నలభై జతల కళ్ళు రోజంతా గమనిస్తాయి. హోమ్‌వర్క్ చేయకపోతే అందరినీ అడిగినట్టే అడగండి. ఎక్కువ సమయం కావాలంటే ఇవ్వండి, పరీక్షకూ ఇవ్వండి, కానీ మార్కులు కలపకండి. జవాబు తప్పైతే తప్పని చెప్పి ఎందుకో వివరించండి. ఆ చప్పట్లు ఎలా ఆపాలంటారా? ఆపమని చెప్పనక్కర్లేదు. అతను చెప్పగానే, చేతులు లేచేలోపే, ఆ విషయం మీద ఇంకో ప్రశ్న అతన్నే అడగండి. లేదా "ఇతను చెప్పినదానితో ఎవరు ఒప్పుకోరు?" అని తరగతిని అడగండి. వాదన మొదలైతే చప్పట్లకు చోటుండదు.

వాళ్ళమ్మ అడిగినదానికి నిజమే చెప్పండి. ఇప్పటికి గట్టి స్నేహితులెవరూ లేరని, మీరు ఏం చేయబోతున్నారో, ఎప్పటికల్లా చేస్తారో చెప్పండి. ఆవిడకు ఈ విషయం తెలుసు, తెలిసే అడిగింది. "అందరూ వాడంటే ఎంతో ఇష్టపడతారండీ" అంటే ఇక మీతో మనసు విప్పదు. సెలవు రోజు ఇద్దరు పిల్లలు ఇంటికొస్తే అభ్యంతరం లేదా, ఇతను వాళ్ళ ఇళ్ళకు వెళ్ళాలంటే ఏం చేయాలి అని మాట్లాడుకోండి. చాలామంది తల్లిదండ్రులు ఆ పిల్లవాణ్ణి ఎలా చూసుకోవాలో తెలియక పిలవరు. ఆ సంకోచం ఒక ఫోన్ కాల్‌తో పోతుంది.

నెల, రెండు నెలల్లో ఒకరోజు ఎవరో ఒకరు బాబు మీద ఫిర్యాదు తెస్తారు. ఆటలో మోసం చేశాడనో, గ్రూపులో తన ముక్క నేర్చుకోకుండా వచ్చాడనో అంటారు. "పాపం, వాణ్ణి ఏమీ అనకండిరా" అని మాత్రం అనకండి. ఇద్దర్నీ పిలిచి, ఇద్దరు చెప్పేదీ వినండి. అతను చెప్పడానికి ఎక్కువసేపు పడుతుంది, ఆ అవతలివాణ్ణి అక్కడే ఉండి మొత్తం విననివ్వండి. తప్పు అతనిదైతే సారీ చెప్పించండి.